దోషము పాటదా? పందిటిదా?

ప్రతి తరమునందును పెద్దలకు వెగటు పుట్టించు పాట యొకటి యుండును. పిల్లలకా పాటయే ప్రాణమై యుండును. ఇది లోకమునకు క్రొత్త కాదు. మనుస్మృతి బ్రహ్మచారికి నృత్యగీతవాద్యములను కామక్రోధలోభముల సరసన జేర్చి నిషేధించినది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన యాదర్శరాజ్యమునుండి లిడియను, అయోనియను రాగరీతులను వెడలగొట్టి, డోరియను, ఫ్రిజియను రీతులను మాత్రమే యుంచుకొనెను. మా యనకాపల్లి ప్రక్కనున్న శంకరము గ్రామమున బొజ్జన్నకొండమీద వసించిన బౌద్ధభిక్షువులకును ఆటపాటలు చూడరాదను నియమముండెను. ఇన్ని నిషేధములు పుట్టినను పాటలు పుట్టుట మానలేదు. వానిని గూర్చిన భయములును మానలేదు. కావున ఈ విషయమున చరిత్ర యేమి చెప్పుచున్నదో విచారింపక తీర్పు చెప్పుట వివేకము గాదు.

ఈ విచారమునకు నన్ను బురికొల్పిన దొక చిన్న సంగతి. బెల్లము వర్తకము చేయు మిత్రులొకరు కొత్తమావాస్య జాతర దినములలో తమ కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. బాలుడు నా పూర్వశిష్యుడు. ఇప్పుడు ఇంటర్మీడియెట్టు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. "మాస్టారూ, వీడు వినేది పాటో పోట్లాటో నాకు తెలియడం లేదు. పగలూ రాత్రీ చెవులలో ఆ ఇయర్‌ఫోనులే. ఇప్పుడు బెంగుళూరులో కచేరీకి పోతానంటున్నాడు. నా మాట వినడు, మీ మాటైతే వింటాడు. నాలుగు చీవాట్లు పెట్టండి" అని తండ్రి మొఱపెట్టుకొనిరి. బాలుడు తల వంచుకొని, "తిట్టే ముందు ఒక్క పాట వినండి, మాస్టారూ" అనెను.

నేను వింటిని. నిజము చెప్పవలెనన్న, మొదటి నిమిషమున చెఱకు గానుగ ఇంజను ప్రక్కన నిలుచున్నట్లును, రెండవ నిమిషమున నూకాలమ్మ జాతరలో నాలుగు డప్పుమేళములు ఒక్క మూలమలుపున తారసిల్లినట్లును తోచినది. చీవాట్లు నోటివరకు వచ్చినవి. కాని యంతలో నా బాల్యము జ్ఞప్తికి వచ్చినది. 1990 దశకమున నేను టేపురికార్డరులో రహమాను గారి పాటలు వినుచుండగా మా నాయనగారు "ఆ గోల ఆపు" అని గద్దించి, ఒకనాడు క్యాసెట్టులన్నియు అటకమీదికి విసరివేసిరి. నేడు వారే సాయంకాలము పడకకుర్చీలో కూర్చుండి ఆ పాటలనే వినుచు, "ఆ రోజుల్లో పాటలంటే పాటలురా" అని నిట్టూర్చుచున్నారు. అటకమీది క్యాసెట్టులు తలపునకు వచ్చి నేను తీర్పు చెప్పక ఒక నెల గడువడిగితిని. ఆ నెలలో చదివి తెలిసికొన్న సంగతులను, వానినుండి నాకు తోచిన యభిప్రాయమును చదువరులకు విన్నవించుచున్నాను.

బాలుడు వినుచున్న సంగీతమునకు హెవీ మెటల్ అని పేరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము కర్మాగారములకు ప్రసిద్ధిగన్న పట్టణము. అందు ఆస్టను అను శ్రామికుల పేటలో పెరిగిన నలుగురు యువకులు బ్లాక్ సబాత్ అను పేరుతో బృందముగా నేర్పడి, 1970 ఫిబ్రవరి 13వ తేదీన తమ మొదటి ఆల్బమును వెలువరించిరి. ఈ సంగీతమున కదియే తొలి మెట్టని పలువురు చెప్పుదురు. వారిలో గిటారు వాయించు టోనీ అయోమీ పదునేడేండ్ల వయస్సున లోహపు రేకుల కర్మాగారమున పనిచేయుచు యంత్రములో చేయి చిక్కి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. అయినను గిటారు విడువలేదు. ప్లాస్టికు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. తంత్రులు నొప్పింపకుండుటకై కాలక్రమమున వానిని వదులుచేసి శ్రుతి తగ్గించెను. అందువలన నాదము మఱింత బరువెక్కినది. ఈ సంగీతపు కరకుదనములో కర్మాగారపు గాయమునకుగూడ పాలు కలదన్నమాట. గొంతు చించుకొని పాడుట, గిటారు ధ్వనిని విద్యుత్తుచే వికృతము చేయుట, డ్రమ్ములను వడిగా మ్రోగించుట, యుద్ధమును మరణమును ఉన్మాదమును వస్తువుగా గ్రహించుట దీని లక్షణములు. మన యలంకారశాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, శృంగారమును దాదాపు విడిచి రౌద్రభయానకబీభత్సములను చేపట్టిన సంగీతమిది. ఆ మూడును నవరసములలోనివే యని మనము మఱవరాదు.

దీనిమీద నేరారోపణ పెద్దయెత్తున జరిగినది అమెరికాలో. 1985లో వాషింగ్టనున రాజకీయప్రముఖుల భార్యలు కొందఱు తల్లుల పక్షమున ఒక సంఘము స్థాపించి, ఇట్టి పాటలవలన బిడ్డలు చెడుచున్నారని యాందోళన చేసిరి. ఆ యేడు సెప్టెంబరు 19వ తేదీన సెనేటు సంఘమొకటి విచారణ జరిపెను. ట్విస్టెడ్ సిస్టర్ అను బృందపు గాయకుడు డీ స్నైడరు జులపాల జుట్టుతో వచ్చి, తాను పొగ త్రాగననియు, మద్యము ముట్టననియు సాక్ష్యమిచ్చెను. అతని పాట యొకటి హింసాకాముకమని నిందింపగా, అది తమ బృందములోని యొకని గొంతు శస్త్రచికిత్సను గూర్చిన భయమును వర్ణించు పాటయని విప్పి చెప్పెను. తుదకు ఆల్బములపై తల్లిదండ్రులకు హెచ్చరికగా ఒక ముద్ర వేయుటకు కంపెనీలు అంగీకరించెను.

అంతకంటె గంభీరమైన వ్యవహారము నెవాడా రాష్ట్రమున రీనో నగరమున జరిగినది. 1985లో ఇద్దఱు యువకులు తుపాకితో ఆత్మహత్యకు యత్నింపగా ఒకడు మరణించెను. రెండవవాడు వికృతముఖుడై కొంతకాలము బ్రదికి మరణించెను. జూడాస్ ప్రీస్ట్ అను బృందపు పాటలో చెవికి తెలియని రహస్యప్రేరణ దాగియున్నదని బంధువులు దావా వేసిరి. 1990లో విచారణ ముగిసి, ఆ మరణములకు పాట కారణమని రుజువు కాలేదని న్యాయాధిపతి తీర్పు చెప్పెను. ఆ యువకులు ఆనాడు మద్యము సేవించియుండిరనియు, వారి బాల్యము దుఃఖభూయిష్ఠమనియు విచారణలో బయటపడెను. బిడ్డను గోల్పోయిన తల్లికి పాటపై కోపము వచ్చుటలో వింతలేదు; ఆ దుఃఖమును పరిహసించువాడు మనుష్యుడు గాడు. కాని దుఃఖమునకు వెంటనే దొరకిన కారణమే నిజమైన కారణము గానక్కఱలేదు.

ఈ సంగతులు చదువుచుండగా నాకు మన తెలుగుదేశపు చరిత్రయే కన్నులయెదుట నిలిచినది. యువకులను చెఱచుచున్నదని మన సంస్కర్తలును ఒక సంగీతముపై దండెత్తిరి. అది భోగము మేళము. పందొమ్మిదవ శతాబ్దమున మన జిల్లాలలో ధనికుల యిండ్ల పెండ్లి జరిగినను, దొరతనము వారికి విందు జరిగినను మేళము లేనిదే మర్యాద లేదు. ఆ మేళము నడపు కులమువారు తమ్ము కళావంతులని చెప్పుకొందురు. క్షేత్రయ్య పదములు, జావళులు, భామాకలాపము, అభినయవిద్య వారి కంఠములందును చేతులందును నిలిచియుండెను. అదే సమయమున ఆ కులమునందు బుట్టిన బాలికకు వివాహము లేదు. దేవునికో గుడికో యంకితమని చెప్పి, ధనికుని పోషణకు లోబడుట తప్ప వేఱు దారి లేదు. ఆ ధనికుని యింట ధర్మపత్ని కన్నీరు త్రావుచుండెను. ఇది దురాచారమనుటకు సందేహమేమి?

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధని పత్రికలో ఈ దురాచారమును నిర్భయముగా ఖండించిరి. బందరు, కాకినాడలలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు విద్యార్థులకు శీలశుద్ధిని బోధించుచు మేళములకు పోరాదని ప్రమాణములు చేయించిరి. 1893లో మదరాసులోని హిందూ సంఘసంస్కరణ సమాజము వారు రాజప్రతినిధికిని మదరాసు గవర్నరుకును విన్నపము లంపి, మేళములున్న విందులకు దయచేయవలదని కోరిరి. తాము చూచిన నృత్యములలో అసభ్యమైనది కనబడలేదని చెప్పి ప్రభువులా విన్నపమును త్రోసివేసిరి. అయినను ఉద్యమ మాగలేదు. విద్యావంతుల యిండ్లలో మేళములు నానాటికి తగ్గిపోయెను. ఆ మహనీయుల సాహసమునకు మన మందఱమును ఋణపడియున్నాము. వారి యుద్దేశమును శంకించుటకు నే నీ వ్యాసము వ్రాయుటలేదు. కాని వారి గురి యెచట తగిలినదో చూచుట మన విధి.

ఆ కాలముననే ఈ గురిని సంశయించిన యొక సూక్ష్మదృష్టి మన జిల్లాలోనే పుట్టెను. గురజాడ అప్పారావుగారు 1862లో, ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరమున, మాతామహుల యింట జన్మించిరి. వారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో సమూలముగా తిరిగి వ్రాయబడెను. ఆ నాటకమున మేళములపై ఉపన్యాసములు దంచువాడు గిరీశము; అతడే మధురవాణి యింటి యతిథి. మఱియొక ప్రక్క, వేశ్యల మొగము చూడనని నిష్ఠ పట్టిన సౌజన్యారావు పంతులు నిజముగా సత్పురుషుడు. కాని తుదకు కార్యమును చక్కబెట్టునది ఆయన చూడనొల్లని మధురవాణియే. గురజాడవారు దురాచారమును సమర్థింపలేదు. ఆ దురాచారపు బరువును మోయుచున్న స్త్రీయే దానికి నిందితురాలగుట యెట్టి న్యాయమని మాత్రమే సంస్కర్తలను, మనలను గూడ, నవ్వుచు నడిగిరి.

ఈ ప్రశ్నకు కళావంతుల కులమునుండియే యుత్తర మొకటి వచ్చెను. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరిలో ప్రతాపసింహుని యాస్థానమునందు ముద్దుపళని యను విదుషీమణి రాధికాసాంత్వనమను శృంగారకావ్యమును రచించెను. వీరేశలింగముగారు తమ యాంధ్రకవుల చరిత్రలో ఆమె పాండిత్యమును గుర్తించియు, ఆ కావ్యములో కొంతభాగము స్త్రీ వ్రాయదగినది గాదని నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు, తామును ఆ కులమునందు బుట్టిన గాయని, 1910లో ఆ కావ్యమును వావిళ్లవారి ద్వారా సంపూర్ణముగా నచ్చువేయించి, శృంగారము మగకవులు వ్రాసిన ముద్దగుట, ఆడుది వ్రాసిన తప్పగుట యేమి ధర్మమని పీఠికలో నిలువదీసిరి. వెంటనే పుస్తకము అశ్లీలమను ఫిర్యాదులు పుట్టెను. 1911లో ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు 1947 వఱకు ఆగవలసివచ్చెను. ఇంతలో ఆ నాగరత్నమ్మగారే తమ యార్జితమును ధారవోసి తిరువయ్యారున త్యాగరాజస్వామికి సమాధిమందిరము కట్టించిరి. స్త్రీలు పాడుటకు వీలులేకుండిన ఆ యారాధనోత్సవమున స్త్రీలకు చోటు సంపాదించిరి. ఏ చేతులలో సంగీతము చెడిపోవునని దేశము భయపడినదో, ఆ చేతులే మన సంగీతమునకు మూలపురుషుడైన మహాత్ముని సమాధిని నిలిపినవి. చరిత్ర యిట్టి పాఠములను తొందరపాటువారికి ఆలస్యముగా నేర్పును.

1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణ నిరోధ చట్టమును చేసెను. బాలికలను దేవునికి సమర్పించుట నేరమాయెను. ఇది సంపూర్ణముగా న్యాయము. కాని యాచట్టమే దేవాలయ ప్రాంగణములలోను, దేవుని యూరేగింపులలోను స్త్రీలు నృత్యము చేయుటనుగూడ నిషేధించెను. దురాచారమును కళను ఒకే త్రాట గట్టి ఒకే వ్రేటున కొట్టినట్లాయెను. కళావంతుల యిండ్లలో వృద్ధురాండ్రు తాము నేర్చిన పదములను తలుపులు మూసికొని పాడుకొన్నారు. తమ యాడుబిడ్డలకు నేర్పుటకు వెఱచినారు. తరువాత నటరాజ రామకృష్ణగారు ఊరూర దిరిగి, ఆ వృద్ధురాండ్ర నాశ్రయించి, మిగిలినదానిని ఆంధ్రనాట్యమను పేరున పోగుచేసిరి. నేడో? ఏ క్షేత్రయ్య పదములు వినరాదని నాటి విద్యావంతులు మొగము త్రిప్పుకొనిరో, ఆ పదములకే మన యాడపిల్లలు వేదికలెక్కి యభినయించుచుండగా మనము ముందువరుసలో కూర్చుండి ఫోనులలో చిత్రములు తీసికొనుచున్నాము. పాట మాఱలేదు. మాఱినది పందిరి.

ఈ మాట కొంత వివరింపవలెను. పాట యనగా స్వరము, లయ, సాహిత్యము. పందిరి యనగా ఆ పాటను మోయుచున్న యేర్పాటు: దానిని పాడించువాని ధనము, పాడువారి దాస్యము లేక స్వాతంత్ర్యము, చుట్టును త్రాగు మద్యము, కూడిన గుంపు, పెట్టిన ధ్వని, గడించిన లాభము. భోగము మేళమున దోషము పందిటిది. ఆ పందిటిని పెఱికివేయుట సంస్కారము. పాటనుగూడ దానితో పూడ్చుట సంస్కారమున పుట్టిన పొరపాటు.

పొరపాటు అంతటితో నాగలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కరుగారు సినిమాపాటలు ప్రజలయభిరుచిని పాడుచేయుచున్నవని తలచి, ఆకాశవాణిలో వానిని తగ్గించుచు వచ్చి దాదాపు లేకుండ జేసిరి. శాస్త్రీయసంగీతమునకు వారు చేసిన సేవ మెచ్చదగినదే. కాని శ్రోతలు తమ రేడియో ముల్లును సింహళము వైపునకు త్రిప్పి, రేడియో సిలోనులో ఆ పాటలనే వినుచుండిరి. తుదకు 1957లో వివిధభారతిని స్థాపించి ప్రభుత్వమే సినిమాపాటలకు తలుపు తెఱవవలసివచ్చెను. తలుపు మూసినంతమాత్రమున పాట ఆగదు. పెద్దల యెదుటనుండి పిల్లల చాటునకు పోవును. చాటున వినెడి పాటను గూర్చి పెద్దలతో మాటలాడుటకు పిల్లలకు వీలుండదు. నష్టము అచట మొదలగును.

ఈ కొలబద్దతో హెవీ మెటల్ కచేరీలను పరీక్షింతము. ఇది మన దేశమునకు క్రొత్త గాదు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బృందము బెంగుళూరున కచేరీ చేసెను. హైదరాబాదునుండియు గాడ్‌లెస్ వంటి బృందములు బయలుదేరినవి. 2011 అక్టోబరులో మెటాలికా యను ప్రసిద్ధబృందము వచ్చినపుడు జరిగిన సంగతి మన ప్రశ్నకు ప్రయోగశాలవలె నున్నది. అక్టోబరు 28వ తేదీన ఢిల్లీ ప్రక్కనున్న గుడ్‌గావున జరుగవలసిన కచేరీ, జనమునకు వేదికకు నడుమ కట్టిన కంచె నిలువక మొదట వాయిదాపడి, పిమ్మట రద్దయ్యెను. టిక్కెట్టుకొన్నవారు ఆగ్రహించి వేదికను ధ్వంసము చేసిరి. నిర్వాహకులలో కొందఱిని పోలీసులు నిర్బంధించిరి. రెండు దినముల పిమ్మట, అక్టోబరు 30వ తేదీన, ఆ బృందమే బెంగుళూరున వేలకొలది జనము నడుమ కచేరీ చేసి నిరపాయముగా ముగించెను. గుడ్‌గావున ఒక్క పాటయైన మొదలు కాకమునుపే గలభా జరిగినది. బెంగుళూరున పాటలన్నియు పాడినను జరుగలేదు. పాటయే గలభాకు కారణమైనచో దీనికి విపరీతముగా జరుగవలసియుండెను.

గుంపుల యపాయము ఒక్క హెవీ మెటల్‌కే చెందినది కాదు. 2000లో డెన్మార్కున రాస్కిల్డె సంగీతోత్సవమున తొమ్మండుగురు నలిగి చనిపోయిరి. 2021లో అమెరికాలో హ్యూస్టనున జరిగిన ర్యాప్ సంగీతపు కచేరీలో పదిమంది ప్రాణములు పోయెను. 2023 నవంబరులో కొచ్చి విశ్వవిద్యాలయమున కచేరీ మొదలు కాకమునుపే మెట్లయొద్ద త్రొక్కిసలాట జరిగి నలుగురు మరణించిరి. ఈ మూడు చోట్లను పాటలు వేఱు, భాషలు వేఱు. ఇఱుకైన దారి, మితిమీఱిన జనము, అదుపుచేయువారి యజాగ్రత్త అను దోషములు మాత్రము ఒక్కటే. కుమారుని కచేరీకి పంపు తండ్రి అడుగవలసిన మొదటి ప్రశ్న "అచట నేమి పాడుదురు?" అని కాదు, "బయటికి పోవు ద్వారములెన్ని?" అని.

రెండవ యపాయము నిశ్శబ్దముగా జరుగును, అది చెవిది. మన లోపలిచెవిలో శబ్దమును గ్రహించు సూక్ష్మరోమకణములు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు. ఇవి చచ్చిన మరల మొలవవు. ధ్వనిని డెసిబెల్ అను మానముతో కొలుతురు. 85 డెసిబెల్‌ల ధ్వనిని దినమునకు 8 గంటలు వినవచ్చునని సాధారణముగా లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకును వినదగిన కాలము సగమగును. ఈ లెక్కన 100 డెసిబెల్‌లయొద్ద క్షేమకాలము 15 నిమిషములు మాత్రమే. పెద్ద కచేరీలలో ధ్వని దీనిని దాటుట సామాన్యము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో కచేరీస్థలములకు నియమములు చేసి, సగటు ధ్వని 100 డెసిబెల్‌లకు మించరాదనియు, చెవిబిరడాలు అందుబాటులో నుంచవలెననియు, విశ్రాంతికి నిశ్శబ్దస్థలము ఏర్పఱుపవలెననియు చెప్పెను. లోకమున నూఱుకోట్లకు పైబడిన యువజనులు మితిమీఱిన ధ్వని వినుటవలన వినికిడిని కోల్పోవు ప్రమాదమున నున్నారని ఆ సంస్థయే హెచ్చరించుచున్నది.

ఇచట మనము ఆత్మవిమర్శ చేసికొనవలెను. ఈ ధ్వని విదేశసంగీతపుది మాత్రమే గాదు. మన పెండ్లియూరేగింపులలో లారీనిండ పేర్చిన డీజే పెట్టెలముందు చంటిబిడ్డలనెత్తుకొని తల్లులు నడచుచున్నారు. వినాయకుని నిమజ్జనమున కిటికీల యద్దములు గదగదలాడుచున్నవి. మంచముమీది రోగి గుండె పట్టుకొనుచున్నాడు. మన దేశమున 2000లో వచ్చిన ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి పది మొదలు ఉదయము ఆఱువఱకు ధ్వనివర్ధకములు మ్రోగరాదు. ఈ నియమము మనలో నెందఱికి తెలియును? తెలిసినవారిలో నెందఱు పాటించుచున్నారు? 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతసంబంధమైన యూరేగింపులలో డీజేలను నిషేధింపవలసివచ్చెననిన పరిస్థితి యెంతవఱకు వచ్చినదో తెలియగలదు. భక్తిపాటయైనను 110 డెసిబెల్‌లయొద్ద చెవిని చంపును. చెవికి భక్తి రౌద్రము లను భేదము లేదు.

ఇక నొక యాక్షేపణ మిగిలియున్నది. "చెవి సంగతి సరే, మనస్సు సంగతి యేమి? మరణమును క్రౌర్యమును పొగడు పాటలు విన్న యువకుడు క్రూరుడు కాడా?" అని కొంద ఱడుగుదురు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. 1990 దశకారంభమున నార్వే దేశమున ఈ సంగీతపు ఉగ్రశాఖకు చెందిన కొందఱు యువకులు ప్రాచీనమైన చర్చీలను తగులబెట్టిరి, హత్యలుగూడ జరిగెను, న్యాయస్థానములు వారిని శిక్షించెను. అది నేరమే. కాని లోకమంతట కోట్లకొలది జనులు ఈ సంగీతమును వినుచున్నారు. కొంపలు కాల్చినవారు పిడికెడుమంది. 2015లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండు విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ సంగీతప్రియులైన 39 మందిని కోపము వచ్చునట్లు మాటలాడించి, పిదప వారిలో కొందఱిని తమ పాటలు విననిచ్చి, మఱికొందఱిని మౌనముగా కూర్చుండబెట్టి పరీక్షించిరి. పాటలు విన్నవారి కోపము పెరుగలేదు. మౌనముగా నున్నవారికివలెనే తగ్గెను. పైగా వారికి ఉత్సాహము కలిగెను. ముప్పదితొమ్మిదిమందిని బట్టి లోకమంతటికి సిద్ధాంతము చేయరాదు. అయినను మన లాక్షణికులు చెప్పిన మాటకిది దగ్గఱగా నున్నది: రసముగా ననుభవించిన క్రోధము లోకమందలి క్రోధము గాదు. కురుక్షేత్రములో దుశ్శాసనవధను వినుచున్న శ్రోత ఇంటికి పోయి యెవరి రొమ్మును చీల్చుటలేదు.

ఇంతమాత్రమున ప్రతి బాలుడు క్షేమమని చెప్పజాలను. కొందఱు పిల్లలు లోపల దుఃఖముండి, ఆ దుఃఖమునకు గొంతు దొరకక, ఈ పాటలలో దానిని వెదకికొందురు. అట్టి బాలుడు నిద్ర మాని, స్నేహితులను విడిచి, భోజనము తగ్గించి, పాటలోనే మునిగియున్నచో అది పాట పుట్టించిన రోగము గానక్కఱలేదు. రోగమును తెలుపు గుఱుతు కావచ్చును. జ్వరమాని పగులగొట్టిన జ్వరము తగ్గదు. అప్పుడు చేయవలసినది ఇయర్‌ఫోనులు లాగివేయుట గాదు, ప్రక్కన కూర్చుండి, "నాయనా, ఏమైంది?" అని యడుగుట, అవసరమైన వైద్యుని సలహా తీసికొనుట.

ఒకప్పుడు ఇంగ్లండు అమెరికాలలో తల్లిదండ్రులు భూతమువలె భయపడిన బ్లాక్ సబాత్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ 2025 జూలై 5వ తేదీన తాను బుట్టిన బర్మింగ్‌హామున కడపటి కచేరీ చేసెను. రోగపీడితుడై నిలువలేక సింహాసనమువంటి కుర్చీలో కూర్చుండి పాడెను. ఆ రాబడిని పిల్లల యాసుపత్రికిని, పార్కిన్సను వ్యాధి పరిశోధనకు తోడ్పడు సంస్థకును, పిల్లల మరణకాల శుశ్రూషాలయమునకును ఉద్దేశించిరి. ఆ నెల 22వ తేదీన అతడు మరణింపగా ఊరివారు వీథులలో నిలిచి కన్నీరు పెట్టిరి. అతని జీవితము మద్యముచేతను మత్తుపదార్థములచేతను ఎంత చెడినదో అతడే పలుమాఱులు చెప్పుకొనెను. అది అనుకరింపదగినది గాదు. కాని యతడు చెడుటకు కారణము మద్యమే కాని గిటారు గాదు.

నెల గడిచిన పిదప తండ్రీకొడుకులు మరల వచ్చిరి. నేను తండ్రితో, "బాబూ, మనకు నచ్చనిదంతయు చెడుగు గాదు. మీ రొక పాట పూర్తిగా వినండి. నచ్చకపోయిన నచ్చలేదనండి, కాని విని చెప్పండి" అంటిని. బాలునితో, "నాయనా, నీ పాటను నేను దూషింపను. కాని నీ చెవులు నీకు దేవుడు రెండవమాఱు ఇవ్వడు. ఫోను ధ్వని సగము దాటనీయకు. గంట విన్నయెడల కొంతసేపు విశ్రాంతి యిమ్ము. కచేరీకి పోవునపుడు చెవిబిరడాలు పెట్టుకొనుము, స్పీకర్లకు దూరముగ నిలువుము, బయటికి పోవు దారి ముందుగా చూచుకొనుము. ఎవ్వ రేమి త్రాగ నిచ్చినను ముట్టకుము. వీలైన మీ నాన్నగారిని వెంట తీసికొనిపొమ్ము" అంటిని. తండ్రి ఉలికిపడి, "నేనా, మాస్టారూ?" అనిరి. బాలుడు మొదటిసారి నవ్వెను. చివరకు తండ్రి వేసవిలో బెంగుళూరు పోయి వచ్చిరి. వచ్చి నాతో, "పాట ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, వాడు దారి పొడుగునా నాతో మాట్లాడాడండీ. రెండేళ్లుగా అంత మాట్లాడలేదు" అని చెప్పిరి. కచేరీవలన ఆ యింటికి కలిగిన లాభమునకు నా లెక్క యింతే.

చదువరులారా! మన పితామహులు పందిటిలోని దోషమును పాటకు తగిలించి, పాడువారిని వెలివేసి, విద్యను సగము పోగొట్టుకొనిరి. తరువాత ఏరుకొనుటకు ఒక తరము పట్టెను. మనము ఆ పొరపాటును తిరుగ చేయవలదు. ద్వారములు చాలినన్ని లేని మైదానమునకు అనుమతినిచ్చు నధికారిని ప్రశ్నింపుడు. హద్దు మీఱిన ధ్వనికి, అది మన పెండ్లిదైనను, మన దేవునిదైనను, అడ్డము చెప్పుడు. మద్యము మత్తుపదార్థములు అమ్ము వ్యాపారిని పట్టి యిండు. పందిటిని నిర్దాక్షిణ్యముగా సంస్కరింపుడు. పాటను మాత్రము మొదట వినుడు. తీర్పు తరువాత చెప్పవచ్చును.